తిరుపతిలో ఒక సెల్లార్ ఇల్లు: ట్రాపుల్లో నీళ్ళు ఎందుకు నిలవలేదు

తిరుచానూరు రోడ్డు వైపు ఒక కాలనీలో సెల్లార్ మీద మూడు అంతస్తులు లేపిన ఇల్లు ఇది. కింది అంతస్తులో యజమాని దంపతులు, మొదటి అంతస్తులో వారి కుమారుడి కుటుంబం, రెండో అంతస్తులో అద్దెకున్నవారు, సెల్లార్‌లోని ఒక గదిలో వాచ్‌మన్, ఆయన భార్య, కూతురు ఉంటున్నారు. బాత్రూముల్లో దుర్వాసన, వంటింటి సింకులో నీళ్ళు నిలిచిపోవడం, గట్టి వాన కురిసినప్పుడల్లా సెల్లార్ బాత్రూములో మురుగు పైకి రావడం అనే ఫిర్యాదులతో నన్ను పిలిచారు. అప్పటికే వాసనకు యాసిడ్ పోయించారు, సింకు కింద, గొట్టం వాసనను నిలవ నీటితో ఆపే కొత్త బాటిల్ ట్రాపులు పెట్టించారు, సెల్లార్ నుంచి రోడ్డుకు పోయే గొట్టంలో, నీటిని బయటి వైపుకే వదిలే ఫ్లాప్ వాల్వ్ వేయించారు. డబ్బు ఖర్చయింది గాని మూడింటిలో ఒక్కటీ తగ్గలేదు. సెల్లార్ సంగతి వాల్వ్ వేసిన తర్వాత మరింత చెడింది.

డ్రైనేజి పనిలో నీళ్ళు ఎటు పోతాయని అందరూ అడుగుతారు. ఆ నీళ్ళ ముందు, వెనక కదిలే గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది అని అడిగేవారు తక్కువ. ఈ ఇంటి విషయంలో వాసనకూ, కొంత వరకు సింకుకూ గాలే కారణమని, సెల్లార్‌కు మాత్రం రోడ్డు మట్టం కారణమని తేలింది.

ట్రాపు చేసే పని చాలా చిన్నది. వంపులో కొంచెం నీరు నిలిపి, మురుగు గొట్టంలోని గాలి గదిలోకి రాకుండా అడ్డుకోవడం వరకే దాని బాధ్యత. ఆ నిలవ నీటి లోతు కనీసం 50 మి.మీ. ఉండాలన్నది మనం పాటించే నియమం. మన చుట్టూ ఉన్న గాలి పీడనం సుమారు 10 మీటర్ల ఎత్తు నీటి స్తంభానికి సమానం కాబట్టి, ఆ లెక్కలో 50 మి.మీ. అంటే అర శాతం మాత్రమే. గొట్టం లోపల గాలి పీడనం ఆ అర శాతం మేరకు అటో ఇటో మారితే చాలు, ట్రాపులోని నీరు కిందికి లాక్కుపోతుంది, లేదా పైకి ఎగదన్నుతుంది. ఇంత సున్నితమైన కాపలాను పెట్టుకుని, గొట్టంలో గాలికి దారి లేకుండా చేస్తే ఏ కంపెనీ ట్రాపు వేసినా నిలవదు.

నేను ముందుగా ఏదీ విప్పలేదు. ప్రతి నహాని ట్రాపులోనూ, అంటే నేలలో అమర్చిన ట్రాపులో, జాలీ తీసి, సన్నని వెదురు పుల్లతో నీటి మట్టాన్ని కొలిచి, అంచు నుంచి ఎంత కిందికి ఉందో గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాను. తర్వాత రెండో అంతస్తులో కమోడ్ ఫ్లష్ చేయించి, మళ్ళీ కొలిచాను. మొదటి అంతస్తు బాత్రూములో 50 మి.మీ. ఉన్న నీరు రెండు ఫ్లష్‌లకే 18 మి.మీ.కు దిగింది. కింది అంతస్తులో అలా దిగలేదు; అక్కడ ట్రాపులోంచి బుడగలు లేచి, నీళ్ళు జాలీ మీదికి చిమ్మాయి. వెలిగించిన అగరబత్తిని మొదటి అంతస్తు జాలీ దగ్గర పట్టుకుని ఉండగా పైన ఫ్లష్ చేస్తే పొగ నిటారుగా లేవడం మాని, వంగి జాలీ రంధ్రాల్లోకి దూరింది. అదే అగరబత్తిని కింది అంతస్తులో పట్టుకుంటే పొగ ఎదురుగా నా ముఖం మీదికి వచ్చింది. ఈ పరీక్షను గది లోపల, ట్రాపు దగ్గర మాత్రమే చేయాలి. మూత తీసిన ఛాంబర్ దగ్గర గాని, సంపు దగ్గర గాని నిప్పు పెట్టకూడదు. అక్కడ మండే వాయువు నిలిచి ఉండవచ్చు.

యజమాని భార్య అప్పటికే ఈ విషయం గమనించి ఉన్నారు. “పైనోళ్ళు నీళ్ళిడిస్తే మా బాత్రూములో గుడగుడమంటుంది సార్, ఆ తర్వాత అరగంట వాసన. ఎవురికి చెప్పినా యాసిడ్ పోయమ్మా అంటారు” అన్నారు. ఆమె మాటను ముందే ఎవరైనా శ్రద్ధగా విని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఫిర్యాదు చేసే మనిషి శబ్దాన్ని, వేళను చెబుతున్నారంటే సగం పరిశోధన వారే చేసిపెట్టినట్టు.

ఒకే నిలువు గొట్టం మీద ఒక అంతస్తులో నీరు లాక్కుపోవడం, మరో అంతస్తులో ఎగదన్నడం చూసి, పైన గాలి దారి మూసుకుపోయి ఉంటుందని అనుకుని మిద్దె మీదికి వెళ్ళాను. బాత్రూముల 110 మి.మీ. గొట్టం మిద్దె మీదికి వచ్చిన చోట, నాలుగేళ్ళ కిందట రేకుల షెడ్డు వేసి ఉయ్యాల బల్ల పెట్టుకున్నారు. అక్కడ కూర్చుంటే వాసన వస్తున్నదని గొట్టాన్ని మోకాలి ఎత్తున కోసి, ఎండ్ క్యాప్ అతికించారు. మిద్దె మీద పోవలసిన గాలి బయటికి పోలేక, బయటి గాలి లోపలికి రాలేక, ఆ నాటి నుంచి బాత్రూముల ట్రాపులే ఆ గొట్టానికి ముక్కు రంధ్రాలయ్యాయి.

గొట్టంలో నీటి ముద్ద పై నుంచి కిందికి పడేటప్పుడు తన వెనక గాలిని లాగుతుంది, ముందున్న గాలిని తోస్తుంది. పైన కౌల్, అంటే గొట్టం కొసన పెట్టే గాలి ఆడే టోపీ, తెరిచి ఉంటే వెనక లాగే గాలి అక్కడి నుంచి వస్తుంది. అది మూసి ఉంటే దారిలో దగ్గరున్న ట్రాపు నీటిని పీల్చుకుంటుంది. మొదటి అంతస్తులో జరిగినది అది. కింది అంతస్తు సంగతి వేరు. నిలువు గొట్టం ఆ అంతస్తు స్లాబు కిందకు రాగానే ఒక్క 90 డిగ్రీల బెండుతో అడ్డంగా తిరుగుతుంది, కింది బాత్రూము ట్రాపును ఆ బెండుకు సుమారు అడుగు పైన ‘టీ’ (T) ఆకారపు ముక్క వేసి కలిపారు. పడే నీళ్ళు బెండు దగ్గర ఆగి నురగ కట్టి, ముందున్న గాలిని నొక్కి, ఆ పీడనాన్ని నేరుగా ట్రాపు మీదికి పంపాయి. రెండో అంతస్తులో వాషింగ్ మెషిన్ నడిచిన రోజుల్లో కింది బాత్రూము జాలీ మీద సబ్బు నురగ తేలుతున్నదని వారు చెప్పినదానికీ కారణం ఇదే.

మరమ్మతు ఇలా చేశాము. ఎండ్ క్యాప్ కోసి, గొట్టాన్ని షెడ్డు బయటికి తిప్పి, మిద్దె నేల నుంచి 2 మీటర్ల పైకి, కిటికీలకు దూరంగా తీసుకువెళ్ళి కౌల్ పెట్టాము. ఆ ఎత్తులో వాసన గాలికి చెదిరిపోతుంది కాబట్టి ఉయ్యాల బల్ల అక్కడే ఉండవచ్చు. కింద 90 డిగ్రీల బెండు తీసి, మధ్యలో చిన్న ముక్కతో రెండు 45 డిగ్రీల బెండులు వేశాము. కింది అంతస్తు బాత్రూమును నిలువు గొట్టం నుంచి పూర్తిగా విడదీసి, వేరే గొట్టంతో బయటి ఛాంబర్‌కు తీసుకువెళ్ళాము. పై అంతస్తుల నీళ్ళు ఎన్ని ఉన్నా, అన్నిటికంటే కింది అంతస్తు ఎప్పుడూ విడిగా పోవాలి. కొత్త ఇల్లు కట్టేటప్పుడు ఇందుకు పట్టే గొట్టం కొన్ని మీటర్లు మాత్రమే.

యాసిడ్ గురించి ఇక్కడే చెప్పాలి. ఈ ఇంట్లో వాసనకు ఒక రోజు యాసిడ్ పోసి, దాని వెంటనే బ్లీచింగ్ పౌడరు చల్లినట్టు తెలిసింది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూములో అది ప్రాణాల మీదికి తెస్తుంది. పైగా ట్రాపులో నీరే లేనప్పుడు యాసిడ్ గొట్టాన్ని కడగడం తప్ప వాసనను ఆపలేదు. పాత ఇళ్ళలో సిమెంటు జాయింట్లను కూడా అది తినేస్తుంది.

వంటింటి సింకు

కింది అంతస్తులో రెండు గిన్నెల స్టీలు సింకు. ఒక్కో గిన్నె కింద ఒక్కో బాటిల్ ట్రాపు, వాటి నుంచి ముడతల ఫ్లెక్సిబుల్ గొట్టాలు నేలలోని నహాని ట్రాపుకు, అక్కడి నుంచి 75 మి.మీ. గొట్టం. అంటే గిన్నె నీళ్ళు గొట్టాన్ని చేరేలోపు రెండు ట్రాపులు దాటాలి. ఆ రెండు ట్రాపుల నిలవ నీళ్ళ మధ్య చిక్కిన గాలికి దారి ఉండదు. పై నుంచి నీళ్ళు దిగబోతే ఆ గాలి ఎదురు తన్ని, గుడగుడమంటూ నీళ్ళు ఆగి ఆగి పోతాయి. సింకు, బేసిన్, కమోడ్ లాంటి ఒక్కో సామానుకు ఒకే ట్రాపు అన్న నియమం అందుకే ఉంది. వాసన వస్తున్నది కదా అని ఇంకో ట్రాపు తగిలించడం మన ఊళ్ళో చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. దానివల్ల వాసన తగ్గదు, నీళ్ళు మాత్రం ఆగుతాయి.

బాటిల్ ట్రాపు వాష్ బేసిన్‌కు సరిపోతుంది గాని వంటింటికి తగినది కాదని నా అభిప్రాయం. విప్పి చూస్తే అడుగున కరివేపాకు, చింతపండు పిప్పి, గంజిలో ఉడికి జారిన మెతుకులు, వాటన్నిటినీ నూనె జిడ్డు పట్టి ఉంచిన ముద్ద బయటపడింది. దాని పైన బోరు నీళ్ళ ఉప్పు గట్టి పొరగా పేరుకుని, లోపలి గొట్టం నోరు చూపుడు వేలు దూరనంతగా సన్నబడింది. పి ట్రాపులో నీరు ఒక వంపులో తిరిగి తనను తాను కడుక్కుంటూ పోతుంది. బాటిల్ ట్రాపులో అడుగు భాగం ఎప్పుడూ కదలకుండా ఉంటుంది.

అయితే ట్రాపుల కంటే పెద్ద లోపం సెల్లార్ పై కప్పుకు వేలాడుతున్న గొట్టంలో దొరికింది. క్లాంపులు రెండున్నర మీటర్లకు ఒకటి చొప్పున ఉన్నాయి. ప్లాస్టిక్ గొట్టం అడ్డంగా పోయేటప్పుడు వ్యాసానికి పది రెట్ల దూరానికి ఒక క్లాంపు కావాలి, అంటే 75 మి.మీ.కు ముప్పావు మీటరుకు ఒకటి. పైగా వేసినది పలచని ‘ఎ’ రకం గొట్టం. ఐ.ఎస్. 13592 ప్రమాణం ప్రకారం ‘ఎ’ రకం గాలి గొట్టాలకు, వాన నీళ్ళకు. మురుగుకు, వాడిన నీళ్ళకు ‘బి’ రకం వాడాలి. వేడి గంజి పారబోసినప్పుడల్లా మెత్తబడి, క్లాంపుల మధ్య గొట్టం కిందికి కుంగింది. నీటి గొట్టంతో మట్టం చూస్తే ఒక చోట వాటం తిరగబడి, 15 మి.మీ. లోతు నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉన్నట్టు తేలింది. జిడ్డు అక్కడే చల్లారి గడ్డకట్టింది.

రెండు గిన్నెలనూ పైనే టీతో కలిపి, ఒకే పి ట్రాపు ఇచ్చి, శుభ్రం చేసుకోవడానికి కింద మర మూత ఉన్నదాన్ని ఎంచుకున్నాము. నేలలోని ట్రాపును నేల కడిగిన నీళ్ళకు మాత్రమే ఉంచాము. గొట్టాన్ని ‘బి’ రకానికి మార్చి, మీటరుకు 25 మి.మీ. వాటంతో, దగ్గర దగ్గర క్లాంపులతో బయట గల్లీ ట్రాపులోకి, అంటే ఇంటి బయట నేలలో జాలీతో ఉండే ట్రాపులోకి, వదిలాము. వంటింటి నీళ్ళు గల్లీ ట్రాపు జాలీ మీద పడాలి, మలం గొట్టంలో నేరుగా కలవకూడదు. అప్పుడు ఎక్కడైనా అడ్డు పడితే ముందు బయట కనిపిస్తుంది.

మొదటి అంతస్తులో బాత్ టబ్ విషయం క్లుప్తంగా. టబ్‌ను తర్వాత తెచ్చి పెట్టారు. దాని నీళ్ళు టబ్ కింద నేల మీద పడి, అక్కడే దాగి ఉన్న పాత నహాని ట్రాపులోకి పోయేవి. చేయి పెట్టే సందు లేదు. టబ్‌ను నెలకొకసారి కూడా వాడరు. మన వేసవిలో వాడని ట్రాపు కొన్ని వారాల్లో ఎండిపోతుంది. అదీ గాక ఆ ట్రాపు అంచు మీదుగా గొట్టంలోకి వేలాడిన వెంట్రుకల పోగు ఒకటి దొరికింది. దీపంలో వత్తి నూనెను పైకి పీల్చినట్టు, అలాంటి పోగు ట్రాపు నీటిని చుక్క చుక్కగా అవతలికి దాటిస్తుంది. టబ్ నోటికి, పైనున్న ఓవర్‌ఫ్లోకు కలిపి ఒకే ట్రాపు ఇచ్చి, పక్క గోడకు తీసి పెట్టుకునే పలకను అమర్చాము.

సెల్లార్

ఈ భాగంలో తప్పు జరిగితే బాధపడేది ఇంట్లో అందరికంటే తక్కువ మాట చెల్లేవాళ్ళు కాబట్టి దీని మీద నేను ఎక్కువ శ్రద్ధ పెట్టాను. వాన రాత్రుల్లో వాచ్‌మన్ భార్య చీపురుతో మురుగును ర్యాంపు వైపు ఊడ్చి, బకెట్లతో పైకి మోసేది. గోడ మీద తడి చార నేల నుంచి జానెడు ఎత్తున ఉంది.

తిరుపతి నేల వాటం ఉత్తరాన శేషాచలం కొండల పాదం నుంచి దక్షిణాన స్వర్ణముఖి వైపు దిగుతుంది. కొండ మీద, ఊళ్ళో ఒకేసారి కురిస్తే ఆ నీరంతా దిగువ కాలనీల మీదుగా పోవాలి. వాన నీరు మురుగు లైనులోకి చేరిన చోటల్లా రోడ్డులోని మ్యాన్‌హోల్ నిండుతుంది. అది రోడ్డు మీదికి పొంగాలంటే ముందు మూత మట్టం దాకా నిండాలి. సెల్లార్ నేల రోడ్డుకు 2.1 మీటర్ల కింద ఉంది. అంటే మ్యాన్‌హోల్ మూత దాకా నిండేలోపే, రోడ్డు మీద ఎవరికీ ఏమీ కనబడక ముందే, ఆ నీరు గొట్టం గుండా వెనక్కి వచ్చి సెల్లార్ ట్రాపులోంచి పొంగుతుంది. ట్రాపు వాయువును ఆపుతుంది, వెనక్కి వచ్చే నీటిని ఆపలేదు. చాలామంది ఇంటి యజమానులకు ఈ తేడా ఎవరూ చెప్పలేదు.

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానల తర్వాత ఈ ఇంట్లో ఫ్లాప్ వాల్వ్ వేయించారు. ఆలోచన సహజమే: రోడ్డు నీళ్ళు రాకుండా తలుపు పెట్టడం. కాని వాల్వ్ వేసిన గొట్టం సెల్లార్‌ది మాత్రమే కాదు. మూడు అంతస్తుల నీళ్ళూ సెల్లార్ మూలకు దిగి, అక్కడి ఛాంబర్‌లో కలిసి, ఆ ఒక్క గొట్టం ద్వారానే బయటికి పోతున్నాయి. వానలో రోడ్డు లైను నిండి వాల్వ్ మూసుకున్నప్పుడు పై వాళ్ళు స్నానాలు, ఫ్లష్‌లు ఆపరు. ఆ నీళ్ళు బయటికి పోలేక, ఇంట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న సెల్లార్ జాలీలోంచి లేచాయి. అంతకుముందు ఊరి మురుగు వచ్చేది, వాల్వ్ తర్వాత ఇంటి మురుగే వచ్చింది.

యజమాని దీన్ని మొదట నమ్మలేదు. అందుకని వాన లేని ఒక ఉదయం, వాచ్‌మన్ కుటుంబానికి చెప్పి, సెల్లార్ ఛాంబర్ నుంచి బయటికి పోయే గొట్టంలో గాలి ఊదే రబ్బరు ప్లగ్గు పెట్టి, రెండో అంతస్తులో శుభ్రమైన నీళ్ళ కుళాయి తిప్పించాను. ఆయన సెల్లార్ జాలీ పక్కనే నిలబడి చూస్తుండగా నీళ్ళు అంచు దాటి ఆయన చెప్పుల కిందికి వచ్చాయి. ఆ తర్వాత పని గురించి వాదన రాలేదు.

రోడ్డు మట్టానికి పైనున్న సామాన్ల నీళ్ళు తమ వాటంతో తాము పోవాలి. దానికి కిందనున్నవి సంపులో పడి మోటారుతో ఎక్కాలి. ఈ రెండూ సెల్లార్‌లో ఎక్కడా కలవకూడదు. ఈ సూత్రం మీదే మిగతా పని నడిచింది. పై అంతస్తుల గొట్టాన్ని సెల్లార్ నేలకు దిగనివ్వకుండా, పై కప్పుకు వేలాడదీసిన ఎత్తులోనే 9 మీటర్లు నడిపాము. 1:40 వాటం ప్రకారం 225 మి.మీ. దిగుతుంది, ఆ ఎత్తు అక్కడ ఉంది. ముందు ఖాళీ స్థలంలో కొత్త ఛాంబర్ కట్టి దానిలో కలిపాము. రోడ్డు లైను మూత దాకా నిండినా ఆ నీరు ఛాంబర్ మూత మట్టం దగ్గరే ఆగుతుంది. కింది అంతస్తు నేల రోడ్డుకు దాదాపు మూడడుగులు పైన ఉంది కాబట్టి ఇళ్ళలోకి రాదు. పాత ఫ్లాప్ వాల్వ్‌ను, ఆ గొట్టాన్ని తీసేసి గోడను కాంక్రీటుతో మూయించాము.

సెల్లార్ బాత్రూముకు, గిన్నెలు కడిగే తొట్టికి విడిగా 900 మి.మీ. చదరపు సంపు కట్టాము. తలకు రోజుకు 135 లీటర్లు అనే లెక్కన ముగ్గురికి 405 లీటర్లు. నీటి మీద తేలుతూ మోటారును వేసే ఫ్లోట్ స్విచ్ దాన్ని నడిపే మట్టానికి, నీళ్ళు వచ్చే గొట్టానికి మధ్య అరమీటరు ఖాళీ ఉంచితే సరిగ్గా అంత నీరు పడుతుంది. వానతో పాటే కరెంటు పోవడం మనకు మామూలు. ఒక రోజు కరెంటు లేకపోయినా సంపు పొంగకూడదని ఆ ఖాళీ పెట్టాము. మోటారు ముక్కలను కోసే రకం. దాని నుంచి వచ్చే గొట్టం మీద నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్, ఆ పైన చేత్తో తిప్పి మూసే గేట్ వాల్వ్, రెండూ చేతికి అందే ఎత్తులో. తర్వాత గొట్టాన్ని సెల్లార్ పై కప్పు దాకా ఎక్కించి, రోడ్డు మట్టానికి పైన ఒక వంపు తిప్పి, ముందు ఛాంబర్‌లో వదిలాము. నాన్ రిటర్న్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కున్నా, ఆ వంపు ఎత్తు రోడ్డు నీటిని వెనక్కి రానివ్వదు. సంపుకు రబ్బరు అంచున్న మూత బిగించి, గాలి గొట్టాన్ని విడిగా మిద్దె దాకా తీసుకువెళ్ళాము.

మోటారును గొలుసుతో పై నుంచే ఎత్తగలిగేటట్టు గైడ్ కమ్మీలు పెట్టించాను. సంపులోకి మనిషి దిగవలసిన అవసరం ఏ కారణంతోనూ రాకూడదు. మురుగు గుంతల్లోకి రక్షణ లేకుండా మనుషులను దించడాన్ని మాన్యువల్ స్కావెంజింగ్ మీద వచ్చిన 2013 చట్టం నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, మూసిన మురుగు గుంతలో ఊపిరాడని వాయువు ఒక్క నిమిషంలో మనిషిని పడేస్తుంది. యజమాని ముందు, వాచ్‌మన్ ముందు కూడా ఈ మాట స్పష్టంగా చెప్పి, మూత మీద పెయింటుతో రాయించాను.

ర్యాంపు మీద వచ్చే వాన నీటిని మురుగు సంపులోకి రానివ్వలేదు. ర్యాంపు పైభాగంలో రోడ్డు కంటే కొంచెం ఎత్తుగా దిమ్మ కట్టి, కింద జాలీ కాలువ, దానికి చిన్న సంపు, వేరే మోటారు ఇచ్చి రోడ్డు పక్క వాన కాలువలోకి వదిలాము. ప్రతి ఇల్లూ వాన నీటిని మురుగు లైనులో కలిపితే దిగువ కాలనీ సెల్లార్లలో తేలేది ఆ నీరే.

పని పూర్తయ్యాక అదే వెదురు పుల్లతో మళ్ళీ కొలిచాను. రెండో అంతస్తులో వరుసగా ఫ్లష్ చేయించినా మొదటి అంతస్తు ట్రాపులో నీరు 46 మి.మీ. కంటే దిగలేదు, కింది బాత్రూములో బుడగ లేవలేదు. తర్వాతి ఈశాన్య రుతుపవనాల వానల్లో రోడ్డు మ్యాన్‌హోల్ పొంగిన రోజు కూడా సెల్లార్ నేల పొడిగా ఉంది. సెల్లార్ పార్కింగ్ వైపున్న జాలీ అరుదుగా తడుస్తుంది కాబట్టి అక్కడ 75 మి.మీ. లోతు ట్రాపు వేసి, వేసవిలో నెలకొకసారి చెంబెడు నీళ్ళు, ఒక చెంచా వంటనూనె పోయమని చెప్పాను. నూనె పొర నీటిని ఆవిరి కానివ్వదు.

రెండో అంతస్తు వంటింట్లో మాత్రం బాటిల్ ట్రాపు, నేల ట్రాపు రెండూ ఇంకా ఉన్నాయి. అద్దెకున్నవారు ఖాళీ చేసినప్పుడు మారుస్తామని యజమాని అన్నారు. అప్పటిదాకా బాటిల్ అడుగు మూతను నెలకొకసారి విప్పి కడుక్కోవడం ఎలాగో వారికి చూపించి, మూత రబ్బరు వాషర్లు రెండు అదనంగా ఇచ్చి వచ్చాను.